చెయ్యి లేస్తే ఆగాలి

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు ఎర్నాయుడు మోటారు సైకిల్ వేసుకుని వచ్చి, ఇంట్లో కూర్చుని గోడలు చూస్తే ఏమొస్తుంది పద అంటూ నన్ను బిలాస్‌పూర్‌లోనే ఉన్న సర్కండా పేటకి తీసుకెళ్లాడు. ఎర్నాయుడు నాకు చిన్ననాటి స్నేహితుడు, జూడోలో జోడీ. ఇప్పుడు రైల్వే ఆఫీసులో బొజ్జ పెంచుకుని కూర్చున్నాడు. బజారులో ఒక బట్టల కొట్టు పైన మేడ ఎక్కితే, గోడ నుంచి గోడ దాకా నీలం రంగు మ్యాట్లు, ఏసీ, మూల తాగునీటి యంత్రం, గోడ మీద జియు-జిత్సు అని పెద్ద బోర్డు. ఎర్నాయుడి అక్క కూతురు పల్లవి అక్కడ పాఠాలు చెబుతుంది. ఆడపిల్లలూ మగపిల్లలూ జంటలుగా నేల మీద పెనుగులాడుతున్నారు. చూస్తూ ఉండగా ఒకతని మెడ ఒక అమ్మాయి మోచేతి మడతలో చిక్కింది. అతను ఆమె ఒంటి మీద తట్టలేదు, నేల మీదా తట్టలేదు. ఖాళీగా ఉన్న చెయ్యిని పైకెత్తాడు, వేళ్లు విప్పి, అరచెయ్యి ముందుకు పెట్టి. ఆ పిల్ల వెంటనే వదిలేసింది. ఈ ఆటలో ఇక చాలని చెప్పాలంటే ఎక్కడైనా అవతలివాడి ఒంటి మీద తడతారు. చెయ్యెత్తడం నేను ఇంకే ఊళ్లోనూ చూడలేదు. ఆ చెయ్యి అక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఎర్నాయుడికీ తెలుసు గానీ వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైలు పని వెతుక్కుంటూ బిలాస్‌పూర్ వచ్చాడు. నాన్న యార్డులో షంటింగ్ పనిలో చేరి అందులోనే రిటైరయ్యాడు. వ్యాగన్లను విడదీసి, మళ్లీ కలిపి, బండి కట్టి పంపడం ఆ పని. ఇంజిన్ ఎక్కడో అటు చివర ఉంటుంది, మనిషి ఇటు చివర వ్యాగన్ల మధ్య ఉంటాడు, పక్క లైను మీద కోర్బా బొగ్గు బండ్లు చెవులు పగలగొడుతూ పోతుంటాయి. నోటితో చెప్పేదేమీ ఉండదు, అంతా చేతులతోనే. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. నాన్న ఇంట్లో కూడా మాటలు పొదుపుగా వాడేవాడు. రమ్మనడానికి ఒక ఊపు, పొమ్మనడానికి ఒక ఊపు. అన్నం వడ్డిస్తుంటే చాలనడానికి కుడి అరచెయ్యి లేచేది, అంతే, అమ్మ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయేది. గరిటెలో ఉన్న మెతుకులు కూడా కంచంలో పడేవి కావు, గిన్నెలోకి తిరిగి వెళ్లేవి. నేనూ చెల్లీ కొట్టుకుంటున్నా ఆ చెయ్యి లేస్తే ఎక్కడివాళ్లం అక్కడ ఆగేవాళ్లం. భయం కాదు, నాన్న మమ్మల్ని కొట్టిన జ్ఞాపకమే లేదు. చెయ్యి లేస్తే ఆగాలి, నీళ్లు పల్లానికి పారాలి, అలాంటి సంగతుల్లో అదొకటి మాకు. కాలనీ పిల్లల ఆటల్లో కూడా అదే చట్టం. దొంగా పోలీసు ఆడుతూ ఎవడైనా చెయ్యెత్తాడంటే చెప్పులో ముల్లు దిగినట్టో వాళ్లమ్మ పిలుస్తున్నట్టో లెక్క, ఆట ఆగిపోవలసిందే.

నాన్న ఎడమ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. మేం పుట్టే నాటికే లేవు కాబట్టి మాకు అదేమీ వింతగా ఉండేది కాదు. అడిగితే యార్డు తినేసింది అనేవాడు. ఇంకో సంగతి కూడా మాకు పుట్టుక నుంచీ ఉన్నదే కాబట్టి వింతగా తోచలేదు. ప్రతి వేసవిలో అమ్మ ఆవకాయ పెట్టగానే, మొదటి జాడీ మా ఇంట్లో ఉండేది కాదు. కుదుదండ్‌లో ఇల్లు కట్టుకున్న తివారీజీకి వెళ్లేది. ఆయన రిటైరైన ఇంజిన్ డ్రైవరు. ఆవపిండి, నూనె, ఎండిన మామిడి ముక్కల వాసనతో ఇల్లంతా ఘాటెక్కి ఉండగా, నేను జాడీని గుడ్డలో కట్టి సైకిలు వెనక పెట్టుకుని వెళ్లేవాడిని. ఆయన మా కారం తినలేడు. ఒక ముక్క నాకి కళ్లనీళ్లు పెట్టుకుని, బహుత్ బఢియా అని మెచ్చుకుని, జాడీని లోపల దాచేసేవాడు. తినలేనివాడికి ఎందుకయ్యా అని అమ్మ ప్రతి ఏడూ సణిగేది, ప్రతి ఏడూ మొదటి జాడీని తానే ఒత్తి, వాసెన కట్టి ఇచ్చేది.

నేనూ ఎర్నాయుడూ స్కూలు రోజుల నుంచి రైల్వే కాలనీలో జూడో నేర్చుకున్నాం. జూడో అంటే మా ఇళ్లలో ఆట కాదు, ఉద్యోగం. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో తీసుకుంటారు, క్వార్టరు ఇస్తారు, పాస్ ఇస్తారు. నాన్న యార్డు నుంచి వచ్చి గ్రీజు మరకల చొక్కా సోడాలో నానబెడుతూ, ఈ చొక్కా నువ్వు తొడగక్కర్లేదు అనేవాడు. చదువులో నేను అంతంతమాత్రం. కాబట్టి నా బతుకంతా ఆ కోటా మీదే ఉందని మా ఇంట్లో అందరి లెక్క, నాది కూడా. సెలెక్షన్ ట్రయల్స్‌కి ఇద్దరం తయారవుతున్న రోజుల్లోనే సూరన్న దిగాడు.

సూరన్న మా పక్క క్వార్టరు వాళ్ల తమ్ముడు. అబుదాబీలో జియు-జిత్సు నేర్పే ఒక బడికి వ్యాను డ్రైవరుగా వెళ్లి, అక్కడి బ్రెజిల్ వాళ్ల దగ్గర తానూ నేర్చుకుని, నీలం బెల్టు కట్టించుకుని తిరిగి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ గొప్పలకు అంతుండేది కాదు. టీ చల్లగా ఉంటే అబుదాబీలో అయితేనా అనేవాడు, టీ వేడిగా ఉన్నా అదే మాట. ఒక సాయంత్రం కాలనీ మైదానంలో నన్ను చూసి, నన్ను పడెయ్యి చూద్దుం అన్నాడు. హాయిగా పడేశాను. పడ్డవాడు పడ్డట్టే ఉండి నా చొక్కా పట్టుకుని కాళ్లతో నన్ను చుట్టేశాడు. తరవాత ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు, నా మెడా నా చెయ్యీ రెండూ ఆయన కాళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. జూడోలో వెల్లకిలా పడేస్తే ఆట అయిపోతుంది. ఈయన ఆట అక్కడే మొదలవుతోంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఇన్నేళ్లూ సగం ఆటే ఆడుతున్నానేమో అనిపించింది.

పక్కనే ఉన్న బిల్హా ఊరి బియ్యం వ్యాపారి ఒకాయనకు గూడ్స్ షెడ్డు దగ్గర ఖాళీ గోదాము ఉండేది. ఆయన కొడుకు మాతో కలిశాడు కాబట్టి గోదాము దొరికింది. ఎంత ఊడ్చినా తవుడు వాసన పోయేది కాదు, చెమటతో కలిస్తే అదొక కొత్త వాసన అయ్యేది. పాత బోగీలు విప్పినప్పుడు తుక్కు కొట్లోకి వచ్చిన బెర్తుల రెగ్జిన్ దిళ్లు తెచ్చి, కలిపి కుట్టి నేలంతా పరిచాం. అవే మా మ్యాట్లు. కుట్ల మధ్య కాలి వేలు ఇరుక్కోని రోజు లేదు. ఈ ఆటకి దిట్టమైన కోటు కావాలి. జూడో కోట్లు రైల్వేవి, మాస్టారు వాటిని బయటికి తీసుకెళ్లనిచ్చేవాడు కాదు. సూరన్న తెచ్చుకున్నది ఒకటే, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అమ్మ దాన్ని నేల మీద పరిచి కొలతలు తీసుకుని, ఇంట్లో ఉన్న చారల జంపఖానా కత్తిరించి నాకు కోటు కుట్టింది. ఎరుపూ నీలం చారలు. వేసుకుంటే పెళ్లివారు నా మీద కూర్చుంటారేమో అని ఎర్నాయుడు నవ్వాడు. వాడు వారానికి ఒక రోజు సరదాకి వచ్చేవాడు, జూడో మాత్రం మానలేదు.

తట్టడం దగ్గరే మాకు చిక్కొచ్చింది. పట్టులో ఇరుక్కుంటే చేత్తో తట్టండి, అవతలివాడు వదులుతాడు అని సూరన్న చెప్పాడు. ఎక్కడ తట్టాలో సరిగా చెప్పలేదో, చెప్పినా మాకు ఎక్కలేదో. మొదటి వారంలో ఒకడు మోచెయ్యి విరిగేలా ఉన్నప్పుడు తన తొడ మీద ఫటాఫటా చరిచాడు. మేం తొడ చరచడమంటే రా చూసుకుందాం అనడమే అని పుట్టి పెరిగినవాళ్లం. పట్టినవాడు రెట్టించి లాగాడు. మోచెయ్యి నెల్లాళ్లు కట్టులో ఉంది. దానికి తోడు, బొగ్గు బండి పోతుంటే ఎవడు అరిచినా వినబడదు. అప్పుడు మాకు తెలియకుండానే చేతులు లేవడం మొదలైంది. ఇరుక్కున్నవాడికి ఒక చెయ్యే ఖాళీ ఉంటుంది, అది పైకి లేచేది, దాదాపు అందరం రైల్వే పిల్లలమే కాబట్టి అవతలివాడి పట్టు దానంతటదే వదిలిపోయేది. అబుదాబీలో ఇలా కాదురా అని సూరన్న కొన్నాళ్లు మొత్తుకున్నాడు. తరవాత తానే చెయ్యెత్తసాగాడు. దెబ్బలు తగ్గిపోయాయి. రాయ్‌పూర్ నుంచీ దుర్గ్ నుంచీ ఆదివారాలు లోకల్ బండెక్కి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు కూడా మేం మొదట అదే నేర్పేవాళ్లం.

జూడో మాస్టారికి ఈ సంగతి నచ్చలేదు. ట్రయల్స్ ముందర రెండు పడవల మీద కాళ్లు కుదరవు, ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. నేను గోదాము మానలేకపోయాను. నాన్న ఒక రోజు డ్యూటీ నుంచి నేరుగా గోదాముకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా పెనుగులాట కాసేపు చూశాడు, ఒకడు చెయ్యెత్తడం, ఇంకొకడు వదలడం కూడా చూశాడు. చివరికి సూరన్నను అడిగాడు.

"ఇందల ఉజ్జోగం ఉందేటి?"

"ఇప్పుడైతే లేదన్నయ్యా. వస్తాది."

"వచ్చినప్పుడు చూద్దుం. ట్రయల్స్ ముందొస్తాయి కదా."

ఇంటికొచ్చాక నాన్న, నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. రాయ్‌పూర్‌లో జియు-జిత్సు పోటీలు మొదటిసారి జరగబోతున్నాయి. అందులో గెలిస్తే నా ఇష్టం, ట్రయల్స్ మాట ఎత్తడు. ఓడిపోతే మర్నాటి నుంచి గోదాము గడప తొక్కకూడదు, జూడోకే వెళ్లాలి. న్యాయమైన ఒప్పందమే. అమ్మ మాత్రం ఇందులో గెలిస్తే కూడు పెడతారేటి అని ఒక్క మాట అని ఊరుకుంది. నాకు నిద్ర పట్టేది కాదు. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, గోదాము పోతుందన్న భయమే ఎక్కువగా ఉండేది. ఆ వయసుకి అది సహజమేనేమో, ఇప్పుడు నా కొడుకు అలా అంటే నేను ఊరుకుంటానని మాత్రం చెప్పలేను.

రాయ్‌పూర్ పోటీలు ఒక కాలేజీ హాల్లో జరిగాయి. నాగ్‌పూర్ నుంచీ భిలాయ్ నుంచీ వచ్చినవాళ్లకు తెల్లటి అసలైన కోట్లున్నాయి. నా జంపఖానా చూసి హాలంతా ఒకసారి నవ్వేసి ఊరుకుంది. మొదటి రెండు ఆటలూ గెలిచాను, అదీ తేలిగ్గానే. చివరి ఆటలో నాగ్‌పూర్ వాడు. నాకంటే బరువు, నాకంటే నేర్పు. చాలాసేపు కింద నలిగాక ఎలాగో వాడి వీపు మీదికి చేరాను. వెనక నుంచి కాళ్లతో నడుము చుట్టి, వాడి కోటు కాలరుతోనే మెడ బిగించాను. వాడి ఊపిరి గురగురమంటోంది. సూరన్న అటు నుంచి బిగించరా బిగించు అని కేకలు వేస్తున్నాడు. గోదాము నాదే అనుకున్నాను. సరిగ్గా అప్పుడు వాడి కుడి చెయ్యి పైకి లేచింది. నిటారుగా, వేళ్లు విప్పి, అరచెయ్యి తెరిచి.

నేను వదిలేశాను.

వదలాలా వద్దా అని అనుకోలేదు. రిఫరీ ఆపలేదు. వాడు తట్టలేదు. నా చేతులు వాటంతటవే విడిపోయాయి. వాడు కూడా ఒక్క క్షణం బిత్తరపోయాడు, తరవాత చటుక్కున తిరిగి నన్ను కిందికి నొక్కి, గంట కొట్టేదాకా లేవనివ్వలేదు. పాయింట్ల మీద ఓడిపోయాను. చేతులు కలుపుతూ, ఎందుకు వదిలేశావు భాయ్ అని హిందీలో అడిగాడు. నువ్వు చెయ్యెత్తావు కదా అన్నాను. తల వెనక నుంచి నీ కాలరు అందుకుందామని ఎత్తాను అని నవ్వాడు. మోసం చేసే మనిషి కాదు, నిజమే చెప్పాడు. సూరన్న తువ్వాలు నేలకేసి కొట్టి, చేతిలోకొచ్చింది జారిడిసీసినావు కదరా అని బయటికి వెళ్లిపోయాడు. బెల్టు విప్పుతూ తలెత్తితే, హాలు చివరి వరసలో నాన్న ఉన్నాడు. రెస్టు రోజున, నాకు చెప్పకుండా, యూనిఫాం స్వెటర్‌తోనే వచ్చి, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో లోకల్ బండిలో ఎదురెదురుగా కూర్చున్నాం. సూరన్న వేరే పెట్టెలో ఎక్కాడు. నాన్న డబ్బా విప్పి చపాతీలు, వంకాయ కూర నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు. కళ్లలో నీళ్లు ఆగడం లేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కోతలైపోయిన వరి మళ్లు బిల్హా దాకా అలాగే పోతున్నాయి. రేపటి నుంచి జూడోకే వెళ్తాను నాన్నా అన్నాను. ఆయన ఆ మాట విననట్టే అడిగాడు.

"ఆడు చెయ్యెత్తినాడు, నువ్వు ఒదిలీసినావు. అంతేనా?"

"ఆగమని ఎత్తలేదట నాన్నా. నా కాలరు పట్టుకుందామని ఎత్తాడట."

"అది నీకెలా తెలుస్తాది? చెయ్యి ఎందుకెత్తినాడని ఆలోచించీవోడు ఇంజిను ఎక్కకూడదు."

తరవాత ఎడమ చెయ్యి నా ముందు పెట్టాడు, ఆ రెండు వేళ్లు లేని చెయ్యి. నా జన్మలో ఆయన అంతసేపు మాట్లాడింది అదే.

"ఇది వ్యాగన్ల మద్దెన కప్లింగులో ఇరుక్కుపోనాది. విజిలూదినాను, పక్కన బొగ్గు బండి పోతంది, ఎవులికి ఇనబడతాది. కుడిచెయ్యి ఎత్తినాను. రూలు పెకారం రెండు చేతులూ ఎత్తాల, అప్పుడే ఆపాల. తివారీ ఒక చెయ్యే చూసినాడు, ఆపీసినాడు. రెండోది కూడా లేస్తాదేమో చూద్దుం అనుకునుంటే, నేను లేను, నువ్వూ లేవు, మీ చెల్లీ లేదు."

నాకు ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. ఏడాదికోసారి సైకిలు మీద మోసుకెళ్లిన ఆ బరువు ఏమిటో అప్పుడు తెలిసింది. తివారీజీ ఎన్నడూ ఒక్క మాట చెప్పలేదు, నాన్నా చెప్పలేదు. నాన్న ఒక చపాతీలో కూర చుట్టి నా చేతిలో పెట్టాడు.

"నా లెక్కలో నువ్వు ఓడిపోలేదు. ఆ సూరిగాడి కాడికే ఎల్లు."

"మరి ట్రయల్స్?"

"ఎర్నాయుడు ఎల్తాడులే," అన్నాడు నాన్న, డబ్బా మూత పెడుతూ.

ఎర్నాయుడు వెళ్లాడు, ఉద్యోగం సంపాదించాడు, క్వార్టరు తీసుకున్నాడు, తరవాత సొంత ఇల్లు కట్టాడు. నేను ఏ కోటాలోనూ ఇమడలేదు. సూరన్న మళ్లీ గల్ఫ్ వెళ్లిపోతే గోదాము నేను నడిపాను. అది సరిపోక వ్యాయామశాలల్లో పని చేశాను, చివరికి గాజువాక చేరి అక్కడ చిన్న బడి పెట్టుకున్నాను, నేర్చుకున్నది మర్చిపోకుండా ఇలా అప్పుడప్పుడు రాసుకుంటున్నాను. అన్నీ సులువుగా జరిగాయని గానీ, నెలాఖరుల్లో ఎర్నాయుడి జీతం గుర్తు రాలేదని గానీ అనను. నాన్న మాత్రం ఆ రోజు మాటకి ఎన్నడూ విచారించినట్టు కనబడలేదు. చివరి నెలల్లో గొంతు పడిపోయి పూర్తిగా చేతి సైగలకే తిరిగొచ్చాడు. మందు పట్టిస్తుంటే చెయ్యెత్తేవాడు. నర్సు ఇంకొక్కటి తాతా అని బతిమాలేది. అమ్మ మాత్రం చెంచా అక్కడే ఆపేసేది.

ఇప్పుడు సర్కండా మేడ మీద నీలం మ్యాట్లకు కుట్లు లేవు, ఏ కాలి వేలూ ఇరుక్కోదు. కోట్లు ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి. ఏ బొగ్గు బండీ వినబడదు, ఏసీ చప్పుడు తప్ప. ఈ పిల్లల్లో యార్డు చూసినవాళ్లు ఎవరున్నారో కూడా తెలియదు, సగం మంది ఇళ్లలో తెలుగే లేదు. క్లాసు అయ్యాక పల్లవిని అడిగాను, తట్టకుండా చెయ్యెత్తుతున్నారు, ఇదెక్కడిది అని.

"బ్రెజిల్‌దే కదా మావయ్యా. బహుత్ పురానా రూల్ హై. మా సర్ చెప్పారు, వాళ్ల సర్ కూడా అలాగే చెప్పారంట."

ఎర్నాయుడు ఫోన్ నుంచి తలెత్తి నా వైపు చూశాడు. అచ్ఛా అన్నాను నేను. బ్రెజిల్‌దైతే బ్రెజిల్‌దే అవనీ, చెయ్యి లేస్తే వదులుతున్నారు, అది చాలు. పల్లవి నవ్వి, ఒక రౌండ్ ఆడతారా మావయ్యా అంది. మోకాళ్లు వద్దన్నా చెప్పులు విడిచి దిగాను. నాలుగుసార్లు ఊపిరి తీసుకునేలోగా నా వెనక్కి చేరి నా మెడ బిగించింది, గట్టి పిల్ల. ఎడమ చెయ్యి ఆమె కాలి కింద ఇరుక్కుపోయింది. కుడిది ఖాళీగా ఉంది, వేళ్లు విప్పి పైకెత్తాను. ఎందుకెత్తానని పల్లవి ఆలోచించలేదు.